చూడటం నేర్పే పీరియడ్

ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఒక అమావాస్యకూ మరో అమావాస్యకూ మధ్య పిల్లలు మూడు రకాల బొమ్మలు చూస్తారు. మన లెక్కలో ఆషాఢ అమావాస్య నాడు హరేలీ పండగ. ఆ రోజు ఇంటి గోడల మీద ఆవుపేడలో ముంచిన వేళ్ళతో మనుషుల ఆకారాలు, జంతువుల ఆకారాలు గీస్తారు. వాటిని సవనాహీ అంటారు. శ్రావణ బహుళ అష్టమికి గోడ మీద ఆఠే కన్హయ్యా వెలుస్తుంది. గేరు మట్టితోనో ఆకు పసరుతోనో వేసిన ఎనిమిది ఆకారాలు అందులో వరసగా నిలబడి ఉంటాయి. మనం పోలాల అమావాస్య చేసుకునే రోజునే అక్కడ పోలా. ఆ రోజు పిల్లల చేతికి మట్టి ఎద్దు వస్తుంది. దాని కాళ్ళకు చిల్లులు, ఆ చిల్లుల్లో వెదురుపుల్ల ఇరుసు, ఇరుసు చివర్ల మట్టి చక్రాలు. తాడు కట్టి లాగితే వీధంతా నడుస్తుంది.

మొదటిది గీత. రెండోది కూర్పు. మూడోది చేతిలో పట్టుకుని అన్ని వైపులా తిప్పి చూడగల రూపం. చిత్రకళ పాఠానికి ఉండవలసిన మూడు మెట్లూ ఒక్క నెలలో, బడి ప్రమేయం లేకుండా పిల్లల కళ్ళ ముందుకు వస్తున్నాయి. ఒకటో తరగతిలో చేరే ఆరేళ్ళ పాప అక్షరాలు తెలియకుండా రావచ్చు కానీ బొమ్మలు తెలియకుండా రాదు. మంచి బొమ్మల పాఠం ఆ తెలిసిన చోట మొదలవుతుంది. అలాంటి పాఠం అప్పటికప్పుడు తోచింది చేయడం కాదు. దానిలో భాగాలున్నాయి, ప్రతి భాగానికీ ఒక పని ఉంది, ఒక దాని పని మరో దానికి ఆధారం. ఆ భాగాలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

మొదటి భాగం సామాను. రంగుల పెట్టెలు కొనలేని బడిలో కూడా రంగులు ఉంటాయి. ఛత్తీస్‌గఢ్ ఇళ్ళ గోడలకు పూసే ఛుహీ అనే తెల్లమట్టి, గేరు అనే ఎర్రమట్టి, పసుపుపచ్చ మట్టి, దీపం మసి చాలు. తయారీకి ఒక క్రమం ఉంది. మట్టిగడ్డను పొడిచేసి నీళ్ళలో నానబెట్టాలి. బాగా కలిపి కాసేపు ఆగితే ఇసుక, రాళ్ళు ముందుగా అడుక్కి దిగుతాయి. పైనున్న మట్టినీళ్ళను వెంటనే ఇంకో గిన్నెలోకి వంచాలి. ఈ రెండో గిన్నెను మాత్రం ఒక రాత్రంతా కదపకూడదు. తెల్లారేసరికి వెన్నలాంటి మట్టి అడుగున పేరుకుంటుంది. పైన తేరిన నీళ్ళు వంపేసి, ఆ మట్టిని ఆరబెట్టి, పలచటి గుడ్డలో జల్లిస్తే రంగుపొడి సిద్ధం.

రంగుపొడి ఒక్కటే కాగితాన్ని పట్టుకోదు. దానికి తుమ్మజిగురు కావాలి. జిగురును నీళ్ళలో కరిగించి కొద్దికొద్దిగా కలపాలి. తక్కువైతే ఆరిన రంగు వేలికి అంటుతుంది. ఎక్కువైతే పెళుసెక్కి పగులుతుంది. సరైన పాళ్ళు టీచరు చెప్పనక్కర్లేదు. ఒకే రంగును మూడు పాళ్ళలో కలిపి కాగితం అంచున మూడు పట్టీలు పూసి, ఆరాక వేలితో రుద్ది చూస్తే పిల్లలే తేల్చుకుంటారు. అంగట్లో దొరికే నీటిరంగుల బిళ్ళల్లోనూ పొడిని పట్టి ఉంచేది ఈ జాతి జిగురే. కుంచె కోసం ఈత మట్ట పుల్ల చివరను నలగ్గొట్టి పీచు తీస్తే చాలు. బరువైనది ముందు మునుగుతుందని, మెత్తనిది ఆలస్యంగా దిగుతుందని, అతికించేది లేకుండా ఏ రంగూ నిలవదని ఇంకా బొమ్మ మొదలుపెట్టకముందే పిల్లల చేతికి తెలిసిపోతుంది.

కాగితం కొలతకూ కారణం ఉంది. చిన్న పిల్లలు మణికట్టుతో కాదు, భుజంతో గీస్తారు. వాళ్ళ గీతకు చోటు కావాలి. నోటుబుక్కులో అరపేజీ ఇస్తే చెయ్యి బిగుసుకుపోతుంది. పాత వార్తాపత్రికను నేల మీద పరిచి, ముదురు రంగిచ్చి, కాగితం నిండేలా వేయమంటే అదే చెయ్యి సాగుతుంది. అచ్చు అక్షరాల మీద సన్నగీత కనబడదు కాబట్టి పిల్లలు తమంతట తామే పెద్ద ఆకారాలకు వెళతారు. కాగితాన్ని సరిగ్గా ఎంచుకుంటే సగం సూచనలు నోటితో చెప్పే పని ఉండదు.

రెండో భాగం పిల్లల గీతను అర్థం చేసుకోవడం. ఇది టీచరు నేర్చుకోవలసిన భాగం. ఏడేళ్ళ బాబు ఇల్లు వేస్తే గోడ ఉన్నా లోపలి మంచం, పొయ్యి, అమ్మ కనబడతారు. గేదె బొమ్మలో కడుపులోని దూడ కనబడుతుంది. చెరువు చుట్టూ చెట్లు నాలుగు వైపులకూ పడుకుని ఉంటాయి. కాగితం అడుగున నేల గీత, పైఅంచున ఆకాశపు పట్టీ, రెండింటి మధ్యా ఖాళీ. మనిషి కన్నా వాడి చేతిలోని గాలిపటం పెద్దది. ఇవి తప్పులు కావు. 1927లో ఫ్రెంచి పండితుడు జార్జ్ ఆంరీ ల్యూకే ఈ తీరును గమనించి, ఈ వయసు పిల్లలు కంటికి కనబడేదాన్ని కాక తమకు తెలిసినదాన్ని గీస్తారని రాశాడు. లోపల పొయ్యి ఉందని తెలుసు, అందుకే పొయ్యి వేస్తారు. చెట్టు వేళ్ళు గట్టు వైపు ఉంటాయని తెలుసు, అందుకే చెట్లన్నీ చెరువు నుంచి బయటికి పడుకుంటాయి. 1947లో విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ఈ మార్పులను వయసుల వారీగా దశలుగా అమర్చాడు. ఆయన లెక్కలో నేల గీత స్థిరపడేది ఏడు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య, అంటే సరిగ్గా రెండు, మూడు, నాలుగు తరగతుల్లో.

ఇది తెలిసిన టీచరు ఎర్రసిరాతో దిద్దరు. నేల గీత మీద అన్నీ నిలబెట్టడం నేర్చిన పిల్ల దగ్గరికి వెళ్ళి, ‘దూరంగా ఉన్న గుడి ఎక్కడుంది తల్లీ?’ అని అడుగుతారు. పాప ఆలోచించి రెండో నేల గీత గీస్తుంది. కాగితం మీద ఇప్పుడు ముందు, వెనక ఏర్పడ్డాయి. లోతును చూపే సూత్రాన్ని టీచరు చెప్పలేదు. అది పాప అవసరంలోంచి పుట్టింది. బోర్డు మీద రెండు కొండలు, నడుమ సూర్యుడు వేసి తరగతంతా దాన్నే ఎత్తిరాస్తే ఈ క్షణం రాదు.

మూడో భాగం ప్రశ్న. బొమ్మ వేయడం ఎంత ముఖ్యమో, ఎదుటివాళ్ళు వేసిన బొమ్మను చూడటం అంత ముఖ్యం. అమెరికాలో మనస్తత్వ పరిశోధకురాలు ఆబిగేల్ హౌసెన్, న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో విద్యా విభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్ కలిసి దీనికి ఒక పద్ధతి రూపొందించారు. అందులో ప్రశ్నలు మూడే. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? అలా అనిపించడానికి నీకు అందులో ఏం కనబడింది? ఇంకా ఏమేం ఉన్నాయి? ఈ మూడింటి అమరికలో గొప్ప నేర్పు ఉంది. మొదటిది ఊహను వదులుతుంది. రెండోది ఆ ఊహకు బొమ్మలోనే సాక్ష్యం అడుగుతుంది. మూడోది చూపును మళ్ళీ బొమ్మ మీదికి పంపుతుంది. తప్పొప్పులు తేల్చే ప్రశ్న ఒక్కటీ లేదు. అందుకే చివరి బెంచీలో కూర్చునే పిల్లవాడూ నోరు విప్పుతాడు.

టీచరుకు ఇందులో మూడు పనులున్నాయి. పిల్ల మాట్లాడుతున్నప్పుడు ఆ భాగాన్ని వేలితో చూపాలి, తరగతి అంతా అక్కడ చూసేలా. పిల్ల చెప్పినదాన్ని మెచ్చుకోకుండా, కాదనకుండా, కాస్త పదును పెట్టి తిరిగి చెప్పాలి. ఇందాక ఇంకొకరు అన్నదానితో కలపాలి. తరగతిలో గోండీ, హల్బీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, తెలుగు ఇళ్ళ పిల్లలు పక్కపక్కన కూర్చున్నప్పుడు ఈ రెండో పని విలువ మరీ తెలుస్తుంది. బొమ్మ అందరికీ ఒకటే. దాన్ని చెప్పే మాటలు ఒకరి నుంచి ఒకరికి చేరతాయి.

ఈ ప్రశ్నలకు ఛత్తీస్‌గఢ్‌లో దొరికే అద్భుతమైన బొమ్మ తాలాలో ఉంది. రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే దారికి దగ్గరగా, మనియారీ నది ఒడ్డున తోడికోడళ్ళ పేరుతో పిలిచే రెండు పాత శివాలయాలున్నాయి, దేవరానీ, జెఠానీ అని. 1987-88 తవ్వకాల్లో అక్కడ ఒక విగ్రహం బయటపడింది. ఎత్తు దాదాపు తొమ్మిది అడుగులు. పండితులు రుద్రశివుడని పిలుస్తున్నారు. దూరం నుంచి చూస్తే బలిష్ఠమైన మనిషి. దగ్గరికి వెళ్ళేకొద్దీ మనిషి కరిగిపోయి జంతువులు బయటికి వస్తాయి. తలపాగా చుట్టలు పాములు. ముక్కు ఒక బల్లి. మీసాలు చేపలు. గడ్డం పీత. చెవులు నెమళ్ళు. భుజాలు మొసలి నోళ్ళు. ఛాతీ మీద, పొట్ట మీద, తొడల మీద మనిషి ముఖాలు. మోకాళ్ళు సింహాల తలలు.

ఈ శిల్పి పనితనం జంతువులను అతికించడంలో లేదు. ఏ జంతువు ఏ అవయవం పని చేయగలదో కనిపెట్టడంలో ఉంది. బల్లి ఒళ్ళు పొడవుగా, నడిమి భాగం ఎత్తుగా ఉంటుంది, ముక్కుదూలం కూడా అంతే. చేప ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా ఉంటుంది, మెలితిప్పిన మీసం కూడా అంతే. పీత వెడల్పుగా, కింద గుండ్రంగా ఉంటుంది, గడ్డం కూడా అంతే. నెమలి రెక్క, తోక కిందికి వాలితే చెవి తమ్మెకు సరిపోతుంది. ఒక రూపంలో ఇంకో రూపం దాగి ఉండగలదని, చూసే దూరం మారితే బొమ్మ మారుతుందని నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం దొరకదు.

పాఠం నడిపే క్రమం ఇది. విగ్రహం ఫొటోను గోడకు పెట్టి తరగతి చివర నుంచి చూపాలి. ‘ఎవరు?’ అంటే ‘పెద్ద మనిషి’ అంటారు. పది అడుగులు దగ్గరికి రమ్మనాలి. కనబడిన జంతువులను జాబితా రాయించాలి. తరవాత ముఖం ఒక్కదాన్నే చూపి, ఏ జంతువు ఎందుకు అక్కడుందో అడగాలి. అప్పటికి పిల్లలు ఆకారాలను పోల్చడం మొదలుపెడతారు. చివరికి తమ చుట్టూ ఉన్న ప్రాణులతో ఒక ముఖం కట్టమనాలి. నత్త చెవి అవుతుంది, గొంగళిపురుగు కనుబొమ అవుతుంది, మిడత కాలు దవడ అవుతుంది. ఎందుకు ఎంచుకున్నావని అడిగితే ప్రతి పిల్లా ఆకారాన్ని బట్టి జవాబిస్తుంది. ఆ జవాబు ఇవ్వగలిగిందంటే పాఠం అందినట్టే.

నాలుగో భాగం వస్తువు దగ్గరికి వెళ్ళడం. రాయపూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం 1875లో మొదలైంది. దేశంలోని పాత మ్యూజియాల్లో ఒకటి. అందులో సిర్‌పూర్‌లో దొరికిన బౌద్ధ కంచు విగ్రహాలున్నాయి. వాటి ముందు పిల్లలను నిలబెట్టి పేర్లు, శతాబ్దాలు వల్లె వేయించడం కన్నా, ఎలా చేశారని అడగడం మేలు. పాత కంచు విగ్రహాల్లో చాలావాటి వెనక ఉన్నది మైనం కరిగించే పద్ధతి. ఆ విద్యకు ఇంకో రూపం బస్తర్‌లో ఘడ్వా కళాకారుల చేతుల్లో బతికే ఉంది. కొండగావ్ వాడైన జయదేవ్ బఘేల్ దాన్ని దేశదేశాలకు పరిచయం చేశాడు. ముందు బంకమట్టితో లోపలి ఆకారం చేస్తారు. దాని మీద తేనెమైనాన్ని సన్నటి దారాలుగా సాగదీసి పక్కపక్కన చుడతారు. నగలు, కళ్ళు, జుట్టు అన్నీ ఆ దారాలతోనే. పైన మెత్తటి మట్టి పూత, దాని మీద ముతక మట్టి పూత. కాల్చితే మైనం కరిగి పోతుంది, అది ఉన్న చోటు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే మైనపు దారాల జాడలు లోహం మీద గీతలుగా నిలిచి ఉంటాయి.

బడిలో లోహం పోయలేం. కానీ పిల్లలు బంకమట్టిని అరచేతుల మధ్య దారాలుగా పేని, ముద్ద మీద చుట్టి, ఎద్దునో ఏనుగునో చేయగలరు. అలా చేసిన పిల్ల మళ్ళీ మ్యూజియంలోని గాజుపెట్టె ముందు నిలబడితే చూపు వేరుగా ఉంటుంది. ఆ గీత అలంకారం కాదు, ఒకరి వేళ్ళ కదలిక అని కనిపెడుతుంది.

ఐదో భాగం, ఈ కాలానికి అన్నిటికన్నా అవసరమైనది, వీధి బొమ్మలను చదవడం. రాయపూర్ పిల్లవాడి చుట్టూ దుకాణం బోర్డులు, చిప్స్ ప్యాకెట్లు, సినిమా పోస్టర్లు, ఫోన్ తెర మీది వీడియోలు ఉన్నాయి. ప్రతి బొమ్మనూ ఎవరో ఏదో ఉద్దేశంతో తయారుచేశారు. దాన్ని పట్టుకోవడానికి రెండు అట్టముక్కలు చాలు. రెండింటినీ ఎల్ అక్షరం ఆకారంలో కత్తిరించి ఎదురెదురుగా పెడితే మధ్యలో కిటికీ ఏర్పడుతుంది. జరిపితే కిటికీ చిన్నదీ పెద్దదీ అవుతుంది. దీన్ని వార్తాపత్రిక ఫొటో మీద పెట్టి జరపమనాలి. సభ ఫొటోలో కిటికీని బిగిస్తే పదిమంది జనసంద్రంలా కనబడతారు, వదిలితే పక్కన ఖాళీ కుర్చీలు బయటపడతాయి. ఫొటో అబద్ధం చెప్పలేదు. చట్రం ఎక్కడ పెట్టాలో ఒకరు నిర్ణయించారు. ‘చట్రం బయట ఏముంది?’ అనే ప్రశ్న పదేళ్ళ పిల్లకు అలవాటైతే ఆమె జీవితాంతం చూసే ప్రతి ఫొటోకూ అది పనికొస్తుంది.

ఇదే భాగంలో ఎన్నికల గుర్తులు మంచి పాఠం. 1951-52 తొలి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో బ్యాలట్ పెట్టె, దాని మీద అతని గుర్తు. చదువురాని కోట్ల మంది ఆ బొమ్మలను నమ్మి ఓటు వేశారు. ఎన్నికల సంఘంలో చాలా ఏళ్ళు పనిచేసి 1992లో రిటైరైన ఎం. ఎస్. సేఠీ నిత్యం వాడే వస్తువులెన్నిటినో పెన్సిలుతో గుర్తులుగా గీశాడు. ఆ బొమ్మల క్రమశిక్షణ పిల్లలకు చూపాలి. నీడ లేదు, రంగు లేదు, అక్షరం లేదు. అంగుళం చోటులో అచ్చయినా ఒక్క చూపులో గుర్తుపట్టాలి. తమ ఇంట్లోని ఒక వస్తువును అలా గీయమంటే పిల్లలకు కొత్త ఇబ్బంది ఎదురవుతుంది. చెంబును ఏ వైపు నుంచి గీస్తే చెంబని తెలుస్తుంది? పై నుంచి గీస్తే వలయం, పక్క నుంచి గీస్తే చెంబు. ఏ కోణం వస్తువును చెబుతుందో ఎంచుకోవడం వాళ్ళు అప్పుడు నేర్చుకుంటారు.

ఆరో భాగం బడి గోడ. కబీర్ వాజ్‌పేయి, ఆయన విన్యాస్ సంస్థ రూపొందించిన బాలా అనే ఆలోచన బడి భవనాన్నే బోధన సాధనంగా చూస్తుంది. తలుపు తెరుచుకునే చోట నేల మీద చాపం గీసి కోణాలు రాస్తారు. తలుపును నెట్టిన ప్రతిసారీ దాని అంచు ఒక డిగ్రీ దగ్గర ఆగుతుంది. కిటికీ ఊచలను మెలికలుగా, సున్నాలుగా వంచుతారు. పిల్లలు వాటి మీద వేలు పెట్టి తిప్పుతూ అక్షరానికి కావలసిన కదలికలు నేర్చుకుంటారు. మన ఇళ్ళలోని చుక్కల ముగ్గుకూ ఈ గుణమే ఉంది. భిలాయ్ ఉక్కు కర్మాగారానికీ రైల్వేకీ వచ్చి ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు ఇళ్ళ పిల్లలు దాన్ని తరగతిలోకి తేవచ్చు. చుక్కలు లెక్క, గీత దారి, మొత్తం రెండు వైపులా ఒకేలా తూగడం సౌష్ఠవం. అక్కడి వాకిళ్ళలో బియ్యప్పిండితో వేసే చౌక్ పక్కన మన ముగ్గు పెట్టి ఏది ఎక్కడ మొదలైందో, ఏ గీత ఎక్కడ కలిసిందో పోల్చమంటే తరగతికి ఒక పూట సరిపోతుంది.

గోడకు ఇంకో పని ఉంది. పిల్లల బొమ్మలను వాళ్ళ కంటి ఎత్తులో, అన్నిటినీ, మార్కులు లేకుండా పెట్టాలి. ప్రతి కాగితం వెనక తేదీ, పిల్ల చెప్పిన ఒక వాక్యం రాయాలి. ఏడాది చివర ఒక్కో పిల్ల బొమ్మలను వరసగా పరిస్తే నేల గీత ఎప్పుడు రెండయిందో, మనిషికి మెడ ఎప్పుడు వచ్చిందో కనబడుతుంది. ప్రగతిపత్రం చెప్పలేనిది ఆ వరస చెబుతుంది. బొమ్మలు గోడ దాటి వెళ్ళడానికీ దారి ఉంది. 1985లో భోపాల్ నుంచి ఏకలవ్య సంస్థ మొదలుపెట్టిన చక్‌మక్ పత్రిక ‘మేరా పన్నా’ పేజీల్లో పిల్లల రాతలకూ గీతలకూ చోటిచ్చింది. అప్పటికి రాయపూర్ మధ్యప్రదేశ్‌లోదే, ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది 2000 నవంబరు 1న. మన భాషలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ పత్రిక 1945లోనే ఆ తలుపు తెరిచింది.

ఈ భాగాలన్నీ కలిసినప్పుడే పాఠం నిలబడుతుంది. రంగు తయారుచేసిన చేతికి వస్తువు విలువ తెలుస్తుంది. గీత దశ తెలిసిన టీచరు సరైన ప్రశ్న అడుగుతారు. ప్రశ్నకు అలవాటైన కన్ను విగ్రహంలో పీతను పట్టుకుంటుంది. పీతను పట్టుకున్న కన్ను ఫొటో చట్రాన్నీ పట్టుకుంటుంది. ఒకటి తీసేస్తే తరవాతది కుంటుపడుతుంది.

ఇది సాధ్యమని ఎనభై ఏళ్ళ కిందే ఒక మనిషి చేసి చూపాడు. శాంతినికేతన్‌లో చదివిన దేవీ ప్రసాద్ 1944లో సేవాగ్రామ్ చేరి గాంధీ నయీ తాలీమ్ బడిలో చిత్రకళ నేర్పాడు. రాయపూర్, సేవాగ్రామ్ రెండూ అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనివే. చిత్రకళ చదువుకు తోక కాదు, పునాది అని ఆయన నమ్మాడు. ఆ అనుభవాన్ని హిందీలో పుస్తకంగా రాశాడు. 1998లో నేషనల్ బుక్ ట్రస్ట్ దాని ఇంగ్లీషు రూపాన్ని ప్రచురించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలను పాఠ్యాంశంగా చేయాలంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాన్సురీ’ అనే కళల పుస్తకం తెచ్చింది. పుస్తకం వచ్చింది, ఇక మిగిలింది పీరియడ్‌ను నిలబెట్టడం.

ప్రాథమిక బడి టీచర్లకూ తల్లిదండ్రులకూ ఒక మనవి. లెక్కల పాఠం మిగిలిపోయిందని డ్రాయింగ్ పీరియడ్‌ను లాక్కోకండి. వారానికి ఒక్క గంట, ఒక మట్టి రంగు, ఒక పాత పత్రిక, ‘అలా అనిపించడానికి నీకు ఏం కనబడింది?’ అనే ఒక్క ప్రశ్న ఇవ్వండి. బొమ్మల నడుమ పెరుగుతున్న ఈ తరానికి చూడటం నేర్పడం బడి బాధ్యత.